తువ్వాల కింద

ఫోటోల ఉన్నది గంతే:
ఒక చాయ్ కప్పు, కప్పులకెల్లి రెండు నల్ల కండ్లు,
చినిగిన బొంతలకెల్లి ఎల్లిన దూది అసొంటి మెడ.
పామేరియన్ అంట. అసలు జాతి అంట.
పెరగదంట, సచ్చేదాంక అరచేతిల పడ్తదంట.

వనపర్తిల, గాజుల దుకాణం ఎనక, నా మిషిను.
పదకొండేండ్ల సంది ఊరందరి ఒంటి కొలతలు రాస్తున్న.
పిల్లలు అడిగిండ్రని కాదు,
నాకే కావాలనిపించింది.
ఒడిల పెట్టుకొని కాజాలు కుట్టాలని.
ఇంట్ల చెప్పలే.

ముందు బుకింగు, నాలుగు వేలు.
అంటే ఇరవై లైనింగు జాకెట్లు.
ఎనక చల్లటి పెట్టెకని రెండు వేల నాలుగొందలు.
అంటే ఇంకో పన్నెండు,
అండ్ల ఒకటి చెయ్యి తిరగేసి కుట్టి మళ్ల ఇప్పిన.
మూడోసారి ఫోన్ల ఏడుపు గొంతు పెట్టిండు:
"మేడం, జడ్చర్ల కాడ బండి ఆపిండ్రు,
ఇన్సూరెన్సు లేదంటుండ్రు, పాపం పిల్ల ఎండల ఉన్నది,
ఆరు వేలు కొట్టుండ్రి, దిగంగనే వాపసు ఒస్తయి."

ఎండల ఉన్నదన్న మాటకే నా ఏలు జారింది.
రాత్రి తొమ్మిదిన్నరకు ఎండేంది అని
తెల్లారినంక తట్టింది.

మా నాయిన కుర్మయ్యది నలభై ఏండ్ల గొర్ల బేరం.
చెప్తే తిట్టలే.
చుట్ట ఆర్పి ఒక్కటే అడిగిండు:
"తల్లి యాడున్నది?"

రంగడిగిన, బరువడిగిన,
చెవులు నిలవడ్తయా అని అడిగిన.
తల్లి ఒకటి ఉంటదని యాదికే రాలే.
కప్పులనే పుట్టిందనుకున్ననేమో.

శనివారం పెబ్బేరు సంతకు తోల్కపోయిండు.
దుమ్ము, ఉచ్చ వాసన, లారీల మోత.
ఒక గొర్రెపిల్ల మూతి తెరిచి పాలపండ్లు చూపిండు,
తోక లేపి పారుతలేదని చూపిండు,
నాలుగడుగులు నడిపిచ్చిండు.
ఆఖరికి తల్లి కాడ ఇడిచిండు:
"తన్నకుండ నిలవడి తాగనిచ్చిందా, దాని పిల్లే.
తన్నిందా, ఎవడో యాన్నుంచో తెచ్చిండు."

పక్కన ఇద్దరు బేరగాళ్లు
తువ్వాల కప్పుకొని లోపల ఏళ్లు పట్టుకుంటుండ్రు.
ఏలుకింత, కణుపుకింత, మాట లేదు.
"సూడు బిడ్డా," అన్నడు నాయిన,
"ధర తువ్వాల కింద ఉంటది. జీవం ఎండల ఉంటది.
వాడు నీకు ధర ఎండల పెట్టి
జీవాన్ని తువ్వాల కింద పెట్టిండు."

పశువుల దవాఖాన డాక్టరమ్మ ఇంకో మాట చెప్పింది:
కప్పు జాతి అని ఏదీ లేదు.
కడుపు మాడ్చిన పిల్లకో,
రెండు నెలలు నిండకముందే తల్లి కాడికెల్లి గుంజిన పిల్లకో
అమ్మెటోడు పెట్టుకున్న ముద్దుపేరు.
నిజంగ ఒచ్చినా పది దినాలు దాటేది కష్టమే అన్నది.
సంతోషపడాల్నా?
తెల్వలే.

వానికి మళ్ల చేసిన.
"వీడియో కాలు చెయ్, తల్లిని చూపియ్,
ఇయ్యాల్టి పేపరు పక్కన పెట్టు" అన్న.
ఇంకో ఫోటో ఒచ్చింది.
కిటికీ అవుతల మంచు పడ్తున్నది.
బెంగుళూరు అన్నడు.

పందొమ్మిది ముప్పైకి ఫోను చేసిన.
ఫిర్యాదు నంబరు ఇచ్చిండ్రు.
కొలతల బుక్కుల రాసుకున్న,
ఎవలిదో నడుము ముప్పై రెండు, దాని కింద.

కుట్టిన కోటు మాత్రం ఉండిపోయింది.
మెరూన్ పట్టు ముక్క, ఛాతీ ఆరించులు, రెండు గుండీలు.
పారెయ్యబుద్ధి కాలే.
పీలికలు కుక్కి సూదుల దిండు చేసిన.
రోజుకు యాభైసార్లు గుచ్చుత, పీకుత.

మెడ ఉండే తావుల మాత్రం
ఇప్పటికీ గుచ్చ.